చాటని శాసనం

రాజు మనసులో పుట్టిన నిర్ణయం ఏ ఘడియలో ప్రజను కట్టిపడేసే ఆజ్ఞగా మారుతుందన్న ప్రశ్న పైకి న్యాయశాస్త్రానికి చెందినదిగా కనిపించినా, లోతుకు వెళితే అది ధర్మవిచారణకు చెందినది. ఆజ్ఞ వెంట దండన ఉంటుంది, దండన వెంట తప్పు చేశాడన్న నింద ఉంటుంది. తన చెవిన పడని ఆజ్ఞను మీరినవాణ్ణి తప్పు చేసినవాడని అనవచ్చునా అన్నది ప్రతి మతమూ, ప్రతి దర్శనమూ ఏదో ఒక చోట ఎదుర్కోక తప్పని చిక్కు. రాజు తలపోసినప్పుడా, ముద్ర వేసినప్పుడా, సర్కారు అచ్చుకూటంలో సిరా ఆరినప్పుడా, ఊరి రచ్చబండ దగ్గర ఎవరో చదివి వినిపించినప్పుడా, ఎప్పుడు ఆజ్ఞ పుట్టినట్టు? ఈ నాలుగింటి మధ్య ఉన్న దూరాన్ని దాటించే పనిని రాచరికాలు మొదట రాతికీ, రాగిరేకుకూ, దండోరాకూ అప్పగించాయి. తర్వాతి కాలంలో ప్రభుత్వ ముద్రణాలయానికీ, అది వెలువరించే రాజపత్రానికీ, అంటే జనం గెజెటు అని పిలిచే అధికార ప్రకటన పత్రికకూ అప్పగించాయి.

ఈ ప్రశ్నను విచారించడానికి కర్నూలు, కడప ప్రాంతాలను మించిన చోటు తెలుగునేలలో మరొకటి లేదనవచ్చు. కర్నూలు జిల్లా జొన్నగిరి సమీపంలోని ఎర్రగుడి గుట్ట మీద క్రీస్తుపూర్వం మూడో శతాబ్దిలో అశోకుడు చెక్కించిన పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలూ, వాటితో పాటు చిన్న శిలాశాసనమూ ఉన్నాయి. బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో ఉన్న ఆ చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికీ, కొన్ని కుడి నుంచి ఎడమకూ, దుక్కిటెద్దులు సాలు చివర మళ్లుకున్నట్లు నడుస్తాయి కనుక లిపి వచ్చినవాడికి సైతం దాన్ని చదవడం తేలిక కాదు. ఆ చుట్టుపక్కల పశువులు కాసుకునేవాడికైతే అది గీతలు పడ్డ బండ, అంతే. చెక్కించినవారికి ఈ సంగతి తెలియకపోలేదు. రజ్జుకుడనే పల్లెప్రాంతపు అధికారికి ఆజ్ఞ అందించాలనీ, అతడు భేరి మోగించి జానపదులకు దాన్ని ఎరిగించాలనీ ఆ శాసనంలోనే రాసి ఉంది. కళింగంలో ధౌలి, జౌగడల వద్ద చెక్కించిన ప్రత్యేక శాసనాలైతే తిష్య నక్షత్రం వచ్చిన రోజున తమను చదివి వినిపించాలనీ, వినేవాడు ఒక్కడే ఉన్నా వినిపించవచ్చుననీ చెబుతాయి. ఆజ్ఞ చెరిగిపోకుండా నిలపడానికి రాయి, దాన్ని చెవిన వేయడానికి భేరి అన్న పనివిభజన అప్పటికే తేటగా ఉంది. తర్వాతి ప్రభుత్వాలు చాలాచోట్ల మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేశాయి.

ఎర్రగుడిలోనూ ఉన్న పద్నాలుగో ప్రధాన శాసనం ఇంకా విశేషమైనది. ఈ ధర్మలిపులు కొన్నిచోట్ల క్లుప్తంగానూ, కొన్నిచోట్ల విస్తారంగానూ ఉన్నాయనీ, ఎక్కడైనా కొరవడినట్లు కనిపిస్తే అందుకు చోటు చాలకపోవడం గానీ, లిపికరుడి, అంటే రాతపనివాడి, పొరపాటు గానీ కారణం కావచ్చుననీ చక్రవర్తి పేరుతోనే అందులో చెప్పారు. తన మాటకూ, ఆ మాట లోకానికి కనిపించే అక్షరానికీ మధ్య మరొకరి చేయి ఉన్నదని ఒక సామ్రాట్టు ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం రెండో అధికరణంలో రాజశాసనాల రచనకు ఒక ప్రకరణమే కేటాయించి, వాటికి ఉండవలసిన గుణాల్లో అర్థక్రమం, సంబంధం, పరిపూర్ణత, మాధుర్యం, ఔదార్యం, స్పష్టత అనే ఆరింటిని లెక్కించింది. దోషాల జాబితాలో అకాంతిని, అంటే నల్లబడిన పత్రం మీద ఎగుడుదిగుడుగా, వెలిసిపోయినట్లు అక్షరాలు రాయడాన్ని, చేర్చింది. సంధివిగ్రహాలు శాసనాల మీదనే నడుస్తాయని నమ్మిన ఆ గ్రంథకర్తకు వెలిసిన అక్షరం రాజ్యానికి దోషంగానే తోచింది.

కడప జిల్లా కలమళ్ళలో రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి పేరుతో ఉన్న శాసనం సుమారు క్రీ.శ. 575 నాటిదనీ, ఇప్పటికి తెలిసినంతలో తొలి తెలుగు శాసనం అదేననీ పండితులు అంటారు. సంస్కృత ప్రాకృతాలు రాజ్యమేలుతున్న కాలంలో ఈ మెట్టసీమ ప్రభువులు ఊరివారి భాషను రాతికెక్కించడం సాహిత్య చరిత్రకు ఎంత ముఖ్యమో, ప్రస్తుత విచారణకూ అంతే ముఖ్యం. ఆ తర్వాత వందల ఏళ్ల పాటు వెలసిన తెలుగు దానశాసనాల చివర తరచుగా ఒక శాపం కనిపిస్తుంది: ఈ ధర్మాన్ని చెరిపినవాడు వారణాసిలో గోవులను చంపిన పాపాన పోతాడనో, పంచమహాపాతకాలు చేసినవాడవుతాడనో అది హెచ్చరిస్తుంది. భటులు పోలేని చోటికి పాపభీతిని పంపడమే దీని ఉద్దేశమని సాధారణంగా అంటారు గానీ, ఆ శాపం ఎవరిని ఉద్దేశించిందో చూస్తే మరొకటి తేలుతుంది. మాన్యాన్ని చెరపగల బలం ఉన్నది రైతుకు కాదు, రాబోయే రాజుకూ అతని ఉద్యోగులకూ. నలుగురూ తిరిగే గుడి ముంగిట నిలబెట్టిన రాయి ఆ రాజు మీదనే సాక్ష్యం చెబుతుంది. గుట్టుగా ఇచ్చిన దానానికి శాపం కాపలా కాయలేదు. శాసనాన్ని బహిరంగపరచడం ప్రజను కట్టివేయడానికే కాక ప్రభువును కట్టివేయడానికి కూడా ఉపకరిస్తుందన్న ఈ అవగాహన, అచ్చుయంత్రం వచ్చిన తర్వాతి రాచరికాల కంటే ఈ రాళ్లలోనే ఎక్కువ కనిపిస్తుంది.

అయితే చెక్కినంత మాత్రాన ప్రకటించినట్టు కాదు. రాజంపేట దాపున ఉన్న తాళ్ళపాకలో పుట్టిన అన్నమాచార్యుల సంకీర్తనలను ఆయన వంశీయులు రాగిరేకులకు ఎక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో భద్రపరిచారు. అవి శతాబ్దాల తరబడి ఆ రాతిగదిలోనే ఉండిపోయి, ఇరవయ్యో శతాబ్దిలో గానీ అచ్చుకు నోచుకోలేదు. దేవుడికి నివేదించిన పాట కనుక లోకానికి అందకపోయినా దాని ప్రయోజనం కొంత నెరవేరిందని భక్తుడు అనుకోవచ్చు. రాజాజ్ఞకు ఆ వెసులుబాటు లేదు. భాండారంలో పడి ఉన్న ఆజ్ఞకు వినేవాడు లేడు, వినేవాడు లేని ఆజ్ఞకు లోబడేవాడూ లేడు.

ఈ మాటను భారతీయ దర్శనాల్లో అందరికంటే పదునుగా చెప్పగలిగినవారు మీమాంసకులు. వేదవాక్యాల అర్థనిర్ణయానికి పుట్టిన మీమాంసాశాస్త్రంలో విధి అంటే ఒక పని చేయమని ప్రేరేపించే వాక్యం. మరే ప్రమాణం వల్లా తెలియని దాన్ని తెలియజేయడమే దాని లక్షణమని ఆ శాస్త్రం నిర్వచిస్తుంది. అంటే తెలియజేయడమన్నది విధికి తర్వాత తగిలించే అలంకారం కాదు, విధి స్వరూపంలోనే ఇమిడి ఉన్న ధర్మం. తెలియజేయని వాక్యం అసంపూర్ణ విధి కూడా కాదు, అసలు విధే కాదు. పదమూడో శతాబ్దపు క్రైస్తవ తత్త్వవేత్త థామస్ అక్వినాస్ కూడా చట్టాన్ని నిర్వచిస్తూ, అది లోకహితం కోసం సమాజభారం వహించినవాడు చేసే బుద్ధిపూర్వక నిర్ణయమని చెప్పి అక్కడితో ఆగక, ప్రకటితమై ఉండాలన్న షరతును నిర్వచనంలోనే చేర్చాడు. ప్రవక్తను పంపనిదే ఏ జాతినీ శిక్షించబోమన్న భావం ఖురాన్‌లో ఉంది. వేదానికి కర్తే లేడన్న మీమాంసకుడూ, కర్త ఒక్కడే అన్న ముస్లిం, క్రైస్తవ పండితులూ ఈ ఒక్క చోట కలుసుకోవడం గమనించదగినది. సర్వశక్తుడైన దేవుడికే చాటింపు అవసరమైనప్పుడు, రాజుకు అది అక్కరలేదనడం ఎవరి తరం?

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన ప్రశ్న వస్తుంది, దాన్ని దాటవేయడం నిజాయితీ కాదు. వేదం వినే అధికారమే లేదని కొందరిని దూరం పెట్టిన సంప్రదాయం, వారినే ధర్మానికి బద్ధులని ఎలా చెప్పింది? బ్రహ్మసూత్రాల మొదటి అధ్యాయంలోని అపశూద్రాధికరణానికి భాష్యం రాస్తూ శంకరాచార్యులు వేదాధికారాన్ని నిరాకరించినా, ఇతిహాస పురాణాల ద్వారా నాలుగు వర్ణాలవారికీ జ్ఞానం అందుతుందని అంగీకరించవలసి వచ్చింది. ఆ సమాధానం న్యాయమైనదని ఈ కాలంలో ఎవరూ అనరు. కానీ నిరాకరించినవారు కూడా మరో దారిలో తెలియజేయక తప్పదని ఒప్పుకున్నారంటే, తెలియజేయని ధర్మంతో ఎవరినీ బంధించలేమన్న సూత్రం వారి వాదం కింద కూడా పునాదిగా ఉన్నదన్నమాట.

అచ్చుయంత్రం వచ్చాక దేవుడి మాటా, రాజు మాటా ఒకే అచ్చుకూటంలో అచ్చయిన దేశం ఇంగ్లండు. అక్కడ రాజముద్రాపకుడన్న పదవి ఉండేది. చట్టాలనూ, రాజప్రకటనలనూ అచ్చువేసే గుత్తహక్కుతో పాటు బైబిలును అచ్చువేసే హక్కు కూడా ఆయనదే. మొదటి చార్లెస్ కాలంలో, 1631లో, రాజముద్రాపకులు రాబర్ట్ బార్కర్, మార్టిన్ లూకస్ అచ్చువేసిన బైబిలులో వ్యభిచారాన్ని నిషేధించే దైవాజ్ఞలో వ్యతిరేకార్థక పదం ఒక్కటి జారిపోవడంతో, వ్యభిచరించమని దేవుడే ఆదేశించినట్లయింది. వారికి 300 పౌండ్ల జరిమానా పడింది, లైసెన్సు పోయింది, ప్రతులను వెనక్కి తెప్పించి తగలబెట్టారు. మీమాంస పరిభాషలో చెబితే అక్షరం కూర్చేవాడి చేతిలో నిషేధం విధిగా మారిపోయింది. లిపికరుడి దోషాన్ని ముందే మన్నించి రాతికెక్కించిన అశోకుడికీ, ముద్రాపకుణ్ణి దండించిన చార్లెస్‌కీ మధ్య తేడా స్వభావానిది మాత్రమే కాదు. వేల ప్రతులుగా అచ్చయ్యే మాట ఎవరి చేతికి ఏ ప్రతి వెళ్లినా ఒకటే అయి ఉండాలన్న కొత్త నమ్మకం పుట్టింది. ఆ నమ్మకం మీదనే గెజెటు అధికారం నిలబడి ఉంది.

కడప, బళ్లారి మొదలైన ప్రాంతాలను నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి అప్పగించడంతో ఈ సీమ దత్తమండలాలన్న పేరుతో ఆ నమ్మకం ఏలుబడిలోకి వచ్చింది. పందొమ్మిదో శతాబ్దపు తొలి సగంలోనే మద్రాసు ప్రభుత్వం ఫోర్ట్ సెయింట్ జార్జి గెజెటు వెలువరించసాగింది. 1858 నవంబరు 1న విక్టోరియా రాణి ప్రకటనను దేశభాషల్లోకి అనువదించి పట్టణాల్లో చదివించారు. ఎవరి మతవిశ్వాసాల్లోనూ జోక్యం చేసుకోబోమన్న హామీ అందులో ఉంది కనుక, అది ఈ దేశంలో అచ్చుకెక్కి ఊరూరా వినబడిన తొలి రాచమాటల్లో ఒకటై, తర్వాతి తరాలవారు ప్రభుత్వం మీదనే ప్రయోగించే ఆయుధంగా కూడా పనికొచ్చింది.

గెజెటు మీద జనానికి కలిగిన గౌరవం ఎంత దూరం వెళ్లిందో మంత్రాలయం చెబుతుంది. మంచాల గ్రామ మాన్యం విషయమై దత్తమండలాల తొలి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో మఠానికి వచ్చి, బూట్లూ టోపీ తీసి లోపలికి వెళ్లి, 1671లో బృందావన ప్రవేశం చేసిన రాఘవేంద్రస్వామితో మాట్లాడాడనీ, పక్కనున్నవారికి స్వామి కనిపించలేదనీ, మాన్యం మఠానికే ఉంచుతూ మన్రో ఉత్తర్వు ఇచ్చాడనీ భక్తుల కథనం. ఇది మద్రాసు ప్రభుత్వ గెజెటులోనే ఎక్కిందన్న మాటను వారు గట్టిగా జోడిస్తారు. రాజపత్రం వేరు, జిల్లా గెజెటీరు వేరు. మొదటిది ఆజ్ఞలను ప్రకటించే పత్రిక. రెండోది ఒక జిల్లా చరిత్రనూ, పంటలనూ, గుళ్లనూ, జనం చెప్పుకునే కథలనూ నమోదు చేసే గ్రంథం. జనవ్యవహారంలో రెండూ గెజెటే. అయినా ఈ కలగాపులగంలో లోతైన విషయం ఒకటి ఉంది. స్వామి మహిమను నమ్మడానికి భక్తుడికి ఏ కాగితమూ అవసరం లేదు. అయినా సర్కారువారు అచ్చువేశారన్న మాట చేరగానే మహిమకు రెండో సంతకం పడినట్లు తోస్తుంది. పరదేశపు రాజుగారి అచ్చుకూటం భక్తికి సాక్షి కావడం కంటే పెద్ద గౌరవం ఏ ముద్రాపకుడికీ దక్కి ఉండదు.

ఆ గౌరవాన్ని చట్టమే విధిగా మార్చింది. 1872 నాటి భారత సాక్ష్య చట్టం లండన్ గెజెటుగానో, మరే అధికారిక గెజెటుగానో కనిపించే పత్రాన్నీ, రాణిగారి ముద్రాపకుడు అచ్చువేసిన ప్రైవేటు చట్టప్రతినీ న్యాయస్థానం నిజమైనవిగానే భావించి తీరాలని చెప్పింది. కాదన్నవాడే కాదని రుజువు చేసుకోవాలి. జ్ఞానానికి ప్రామాణ్యం ఎక్కడి నుంచి వస్తుందన్న విషయంలో నైయాయికులకూ మీమాంసకులకూ జరిగిన పాత వాదం ఇక్కడ అక్కరకు వస్తుంది. జ్ఞానం సరైనదని తేలడానికి బయటి ఆధారం కావాలన్నది నైయాయికుల పరతఃప్రామాణ్యం. బాధకం, అంటే దాన్ని కొట్టివేసే మరో జ్ఞానం, ఎదురయ్యేదాకా అది దానంతటదే ప్రమాణమన్నది మీమాంసకుల స్వతఃప్రామాణ్యం. సాక్షిని అడ్డు ప్రశ్నలతో పరీక్షించేటప్పుడు నైయాయికుడిలా ప్రవర్తించే న్యాయస్థానం, గెజెటు ముందు మాత్రం మీమాంసకుడైపోతుంది. వేదానికి స్వతఃప్రామాణ్యం చెప్పడానికి కుమారిల భట్టు తన వాదబలాన్నంతా వెచ్చించవలసి వచ్చింది. సర్కారు అచ్చుకూటానికి రెండు సెక్షన్లు సరిపోయాయి.

దత్తమండలాలు చేజారిన తర్వాత కూడా నూటయాభై ఏళ్లకు దగ్గరగా నిలిచిన హైదరాబాదు రాజ్యంలో ఈ సమస్య తన పూర్తి రూపంలో కనిపిస్తుంది. నిజాం ఫర్మానా, అంటే ప్రభువు సొంత ఆజ్ఞ, అక్కడ అన్నిటికీ పైది. రాజ్యం అంతరించాక అమీరున్నీసా బేగం కేసులో సుప్రీంకోర్టు, ఫర్మానాలు నిజాం సార్వభౌమ సంకల్పానికి వ్యక్తరూపాలనీ, మరే చట్టంతో పొసగకపోయినా ఫర్మానాదే పైచేయి అనీ, ఇంకో ఫర్మానా వచ్చి దాన్ని రద్దు చేసేదాకా అదే చెల్లుతుందనీ చెప్పింది. ఈ ఫర్మానాలూ, శాఖల ఉత్తర్వులూ జరీదా-ఎ-ఆలామియా అనే రాజపత్రంలో ప్రకటితమయ్యేవి; అత్యవసర సంచికను జరీదా గైర్ మామూలీ అనేవారు. సర్కారు పుస్తకాల మీద దారుత్తబా సర్కారే ఆలీ అన్న ముద్రణాలయ నామం కనిపిస్తుంది.

జరీదా భాష ఉర్దూ. 1880ల దాకా పరిపాలన సాగిన పారశీకం స్థానంలో వచ్చిన భాష అది. రాజ్య జనాభాలో దాదాపు సగం మంది మాతృభాష తెలుగు, మరికొన్ని జిల్లాలది మరాఠీ, కన్నడం. తేదీలు సైతం ఫసలీ సంవత్సరంతో, ఆజూర్, దై, బహమన్ వంటి నెలల పేర్లతో పడేవి. చైత్ర వైశాఖాలతో బతికే రైతుకు ఆజ్ఞ ఏం చెబుతోందో తెలియడం అటుంచి, ఎప్పటి నుంచి అమలవుతుందో తెలుసుకోవడానికే పట్వారీ కావాలి. ప్రకటన జరగలేదా అంటే జరిగింది, సక్రమంగా, వేళకు జరిగింది. తెలిసిందా అంటే, తెలిసినవాడికి తెలిసింది. రాజుకూ ప్రజకూ మధ్య ఉర్దూ చదవగల నలుగురైదుగురు, అంటే పట్వారీ, దేశ్‌ముఖు, వారి గుమాస్తాలు, ఆజ్ఞకు అసలైన యజమానులయ్యారు. తమకు అనుకూలమైన ఉత్తర్వు ఊరికి చేరేది, కానిది జరీదాలోనే నిద్రపోయేది. సభలు జరపాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలన్న గస్తీ నిషాన్ 53 తెలంగాణలో పిల్లలకు కూడా తెలిసిందంటే, దాన్ని అమలుచేసే చేతులు చురుగ్గా ఉండబట్టే. జీతం లేని వెట్టికి హద్దులు పెడుతూ అదే ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వులు అంత త్వరగా ఊళ్లకు చేరలేదు.

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధిని నాటకశాలలో జరిగిన సంస్కరణ సభలో న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారన్న అవమానం నుంచి ఆంధ్ర జనసంఘం పుట్టిన సంగతి ప్రసిద్ధమే. అంతగా ప్రస్తావనకు రానిది, మాడపాటి హనుమంతరావు ప్రభృతుల నాయకత్వంలో ఆ సంఘం చేసిన ప్రచురణ పని. వెట్టిచాకిరి గురించీ, వర్తకుల స్వేచ్ఛ గురించీ సర్కారు ఉత్తర్వులు ఏం చెబుతున్నాయో తెలుగు కరపత్రాల ద్వారా ఊళ్లకు చేరవేయడాన్ని వారు ఉద్యమంగా చేపట్టారు; 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో మొదలైన గోలకొండ పత్రిక ఆ దారిని మరింత వెడల్పు చేసింది. వారు కొత్త చట్టం అడగలేదు, ఉన్న చట్టాన్ని వినిపించారు. అది రాజద్రోహమని ఎవరూ అనలేరు, ఎందుకంటే ఆ మాటలు రాజువే. దేశ్‌ముఖులకు మాత్రం కాళ్ల కింద నేల కదిలింది. రాజముద్రాపకుడు చేయవలసిన పనిని, అతడు ఎంతసేపూ అచ్చుతోనే సరిపెట్టుకున్న పనిని, ప్రజలే పూర్తిచేసిన అరుదైన ఉదాహరణ ఇది. ఆజ్ఞ చాటబడినప్పుడే పుడుతుందన్న సిద్ధాంతం సరైనదైతే, తెలంగాణ పల్లెల్లో వెట్టి ఉత్తర్వులు పుట్టింది నిజాం దర్బారులో కాదు, ఆ కరపత్రాల్లోనే.

రాచరికపు ఆజ్ఞకు ప్రకటన అవసరమా అన్న ప్రశ్న చివరకు న్యాయస్థానం ముందుకు వచ్చింది గానీ, హైదరాబాదు నుంచి కాదు, జైపూరు నుంచి. 1922లో జైపూరు మహారాజు మరణించినప్పుడు వారసుడు మైనరు కావడంతో, బ్రిటిష్ ప్రతినిధి నియమించిన మంత్రిమండలి రాజ్యం నడిపింది. ఆ మండలి 1923 డిసెంబరు 11న ఒక తీర్మానంతో నల్లమందు చట్టం చేసింది. దాన్ని ఏ గెజెటులోనూ అచ్చువేయలేదు, మరే విధంగానూ చాటలేదు. పాతికేళ్ల తర్వాత, 1948లో జరిగిన నేరానికి హర్లా అనే వ్యక్తికి ఆ చట్టం కింద 50 రూపాయల జరిమానా పడింది. 1951 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తరఫున తీర్పు రాసిన న్యాయమూర్తి వివియన్ బోస్, తమకు తెలియని, ఎంత జాగ్రత్తపడ్డా తెలుసుకునే వీలే లేని చట్టంతో పౌరులను శిక్షించడం సహజన్యాయానికి విరుద్ధమని చెప్పి, ప్రకటన లేని ఆ తీర్మానాన్ని చట్టంగా గుర్తించ నిరాకరించారు. మూసిన గది లోపల కొందరు కూర్చుని చేసిన తీర్మానం రాజ్యపు మాట కాజాలదన్నది ఆ తీర్పు సారం. మీమాంసకుడు కూడా ఇదే చెప్పేవాడు, కాకపోతే 50 రూపాయలు వాపసు ఇప్పించగలిగేవాడు కాదు.

దీనికి ఎదురుగా ఒక బలమైన వాదం ఉంది. కోట్ల మంది ఉన్న రాజ్యంలో ప్రతి మనిషి చెవినా ఆజ్ఞ వేయడం సాధ్యం కాదు. తెలియదన్న ప్రతివాణ్ణీ వదిలేస్తే చట్టమే ఉండదు. అందుకే చట్టం తెలియదనడం సాకు కాదన్న సూత్రం దాదాపు అన్ని న్యాయవ్యవస్థల్లోనూ ఉంది. వాదం సరైనదే. కానీ ఈ సూత్రం ఒక కల్పన, నిజం కాని దాన్ని పని జరగడం కోసం నిజమనుకునే ఏర్పాటు. అందరికీ తెలిసిందనుకుందామన్న ఈ కల్పన ప్రభుత్వం తన సౌకర్యం కోసం ప్రజల దగ్గర తీసుకున్న అప్పు లాంటిది కాదు, అప్పే. దాన్ని ప్రజల భాషలో, ప్రజలకు అందే చోట, ప్రజలకు అర్థమయ్యే రీతిలో చెప్పడం ద్వారా మాత్రమే తీర్చాలి. తీర్చకుండా దండించిన ప్రభువు విషయంలో మన ధర్మశాస్త్రాల తీర్పు కఠినంగానే ఉంది: రక్షించిన ప్రజల పుణ్యంలో ఆరో వంతు రాజుకు దక్కుతుందన్న మనుస్మృతే, రక్షించకపోతే వారి పాపంలో ఆరో వంతు కూడా అతనిదేనంటుంది, దండించకూడనివాణ్ణి దండించిన రాజుకు అపకీర్తీ నరకమూ తప్పవంటుంది. జరీదా సంచికలు సక్రమంగా వెలువడ్డాయన్న లెక్క ఆ ఆరో వంతును తగ్గించదు.

రాచరికాలు పోయినంత మాత్రాన ఈ అప్పు మాఫీ కాలేదు. గెజెటు అచ్చయి జనానికి అమ్మకానికి వచ్చాకే నోటిఫికేషను అమలవుతుందని 1998లో ఒక తీర్పు ఇచ్చిన సుప్రీంకోర్టు, గెజెటులో ప్రచురిస్తే చాలునని 2000లో మరింత పెద్ద ధర్మాసనంతో దాన్ని పక్కనపెట్టింది. కేంద్ర గెజెటు 2015 నుంచి కాగితం మీద అచ్చుకావడం మానేసి అంతర్జాలంలోనే వెలువడుతోంది. పాకిస్తాను సరుకుల మీద 200 శాతం సుంకం విధించిన నోటిఫికేషను 2019 ఫిబ్రవరి 16న రాత్రి 8 గంటల 46 నిమిషాల 58 సెకన్లకు వెలువడింది కనుక, అంతకు ముందు దాఖలైన పత్రాలకు అది వర్తించదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆజ్ఞ పుట్టిన ఘడియను సెకనుతో సహా చెప్పగలిగే స్థితికి లోకం చేరుకుంది. అది ఎవరి చెవిన పడిందో చెప్పగలిగే స్థితికి మాత్రం చేరలేదు.

ఉమ్మడి కడప జిల్లా ఓబులవారిపల్లె మండలంలోని మంగంపేట వంటి ఊళ్లకు ఈ చర్చ గ్రంథాలకు పరిమితమైనది కాదు. ముగ్గురాయిగా జనం పిలిచే బెరైటీసు అక్కడ ప్రపంచంలోనే అతిపెద్ద నిక్షేపాల్లో ఒకటిగా ఉంది. రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వుతున్న ఆ రాయిలో ఎక్కువ భాగం చమురు బావులు తొలిచేవారికి పోతుంది. గని పెద్దదయ్యేకొద్దీ లీజు హద్దులూ, భూసేకరణా, గని అంచున ఉన్న నివాసాల తరలింపూ అన్నీ నోటిఫికేషన్ల మీదనే నడుస్తాయి. అలాంటి చోట గెజెటులో పడిన నాలుగు పంక్తులు ఒక ఇంటి పునాదిని నిర్ణయిస్తాయి. గెజెటులో ప్రచురించినా, ఆ స్థలంలో ఊరివారికి తెలిసేలా బహిరంగ ప్రకటన చేయకపోతే భూసేకరణ చెల్లదని సుప్రీంకోర్టు 1966లోనే రాజస్థాన్ కేసు ఒకదానిలో చెప్పింది; 2013 నాటి భూసేకరణ చట్టం గెజెటుతో పాటు పత్రికల్లో, గ్రామపంచాయతీలో, స్థానిక భాషలో ప్రకటించాలని స్పష్టంగా నిర్దేశించింది. అంటే రాయితో పాటు భేరి కూడా చట్టంలోకి తిరిగి వచ్చింది, కనీసం భూమి విషయంలో.

మిగిలిన చట్టాల విషయంలో పరిస్థితి వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 1966 నుంచి అధికార భాష తెలుగు. అయినా రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం రాష్ట్ర శాసనసభ ఒక చట్టాన్ని తెలుగులోనే చేసినా, గవర్నరు అధికారంతో రాజపత్రంలో అచ్చయిన ఇంగ్లీషు అనువాదమే దానికి ప్రామాణిక పాఠం. రెండింటికీ తేడా వస్తే చెల్లేది ఇంగ్లీషు పాఠమే.